షో అండ్ టెల్‌కి ఏ అక్షరానికి ఏం పంపాలి? (ఎల్‌కేజీ, యూకేజీ)

కూకట్‌పల్లి అమ్మ | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా పాప ఎల్‌కేజీ. వాళ్ళ బడిలో ప్రతి శుక్రవారం షో అండ్ టెల్ పెడుతున్నారు. ఆ వారం నేర్పిన అక్షరంతో మొదలయ్యే వస్తువు ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్ళి, దాని గురించి రెండు మూడు మాటలు చెప్పాలి. ఎస్‌కి సాక్సు, ఏకి యాపిల్, టికి టవల్ పంపాం. ఈ వారం ఐ. డైరీలో "ఐ సౌండ్" అని మాత్రమే రాశారు. ఐస్‌క్రీమ్ కరిగిపోతుంది, ఐరన్ బాక్స్ బరువు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకరు ఇగ్లూ మోడల్ ఆర్డర్ పెట్టానని ఫొటో పెట్టారు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

అసలు ఏబీసీడీ వరసలో కాకుండా ఇలా ఎందుకు నేర్పుతున్నారో కూడా అర్థం కావడం లేదు. వచ్చే నెల నుంచి తెలుగు అక్షరాలకూ ఇదే పెడతారట. అ, ఆలకు ఇబ్బంది లేదు, ఋ వస్తే ఏం పంపాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్రీప్రైమరీ టీచర్, విజయవాడ | సోమవారం, రాత్రి 10:15

మీ బడిలో అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే జాలీ ఫోనిక్స్ పద్ధతి వాడుతున్నట్టున్నారండీ. అందులో మొదటి ఆరు అక్షరాలు ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్. ఈ ఆరూ వస్తే చాలు, పిల్లలు పిన్, టిన్, సిట్, టిప్ లాంటి చిన్న మాటలు సొంతంగా కూడబలుక్కుని చదివేస్తారు. అందుకే ఆ వరస.

డైరీలో "సౌండ్" అని రాశారంటే వాళ్ళకు కావలసింది అక్షరం పేరు కాదు, దాని శబ్దం. ఈ దశలో ఐ అక్షరానికి పిల్లలు నేర్చుకునేది 'ఇ' శబ్దం. ఐస్, ఐరన్ బాక్స్ 'ఐ' అని పలుకుతాయి కాబట్టి అవి ఈ వారానికి పనికిరావు. ఇంకు సీసా, ఇంకు ప్యాడ్, ప్లాస్టిక్ పురుగు బొమ్మ (ఇన్సెక్ట్), చిన్న జాతీయ జెండా (ఇండియా) అన్నీ పనికొస్తాయి. నన్నడిగితే అన్నిటికంటే మంచిది ఇడ్లీ రేకు. ఇంట్లో ఉంటుంది, పగలదు, పాప దాన్ని రోజూ చూస్తుంది. గుంటలు లెక్కపెట్టి చూపించగలదు, పిండి ఎక్కడ పోస్తారో చెప్పగలదు.

పిల్లలు తికమకపడే వస్తువులు కొన్ని ఉన్నాయి, ముందే చెబుతాను. ఆనియన్ స్పెల్లింగ్ ఓతో ఉన్నా పలికేది అంబ్రెల్లాలో వినిపించే శబ్దమే, కాబట్టి ఓ వారంలో ఉల్లిపాయ పంపితే గందరగోళం. ఆరెంజ్ పంపండి. ఫొటో పితో రాస్తారు కానీ పలికేది ఎఫ్ శబ్దం. జిరాఫ్ బొమ్మ జి వారంలో తెస్తారు, అక్కడ వినిపించేది జె శబ్దం. దాని బదులు గార్లిక్, అంటే వెల్లుల్లిపాయ, హాయిగా పంపొచ్చు. టి వారంలో థర్మామీటర్, ఎస్ వారంలో షూ, సి వారంలో చెయిన్ తెచ్చే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు, అక్కడా అదే చిక్కు. యు వారంలో యూనిఫాం పంపకండి, గొడుగే మేలు. ఉప్మా చాలామందికి తోస్తుంది కానీ అందులోని 'ఉ', అంబ్రెల్లాలోని శబ్దం ఒకటి కావు.

ఇవన్నీ పాపకు వివరించనక్కర్లేదు. మీరు పట్టుకుంటే చాలు.

డల్లాస్ నాన్న | మంగళవారం, ఉదయం 7:05

మా అమ్మాయి ఇక్కడ కిండర్‌గార్టెన్. వాళ్ళ క్లాసులో వస్తువును సంచిలో దాచి తీసుకెళ్ళాలి, మూడు క్లూలు చెప్పాలి, తోటి పిల్లలు అదేమిటో కనుక్కోవాలి. ఇది ఏ బడిలోనైనా పనికొస్తుందని చెబుతున్నాను. క్లూలు రాసేటప్పుడు రంగుతో మొదలుపెట్టొద్దని వాళ్ళ టీచరు చెప్పారు. "ఎర్రగా ఉంటుంది" అంటే ఎవరూ కనుక్కోలేరు. "దీన్ని అమ్మ పండగరోజు చేతికి వేసుకుంటుంది, గలగలమంటుంది" అంటే అందరూ చేతులెత్తుతారు. బి వారంలో గాజులు (బ్యాంగిల్స్) తీసుకెళ్ళినప్పుడు మేం అలాగే చేశాం.

మాకు ఎక్కువ కష్టమైంది వి, డబ్ల్యూ. తెలుగులో రెంటికీ 'వ' ఒకటే, ఇంట్లో మేం వ్యాన్ అన్నా వాచ్ అన్నా ఒకేలా పలుకుతాం. పాప డబ్ల్యూ వారంలో వీణ బొమ్మ పట్టుకెళ్తానంది. అప్పుడు అద్దం ముందు నిలబెట్టి చూపించాం. వికి పైపళ్ళు కింది పెదవిని తాకుతాయి, డబ్ల్యూకి పెదవులు సున్నాలా గుండ్రమవుతాయి. ఇంట్లో వ్యాన్ బొమ్మ, చేతి వాచీ పక్కపక్కన పెట్టి ఆ రెండు మాటలే చెప్పించాం.

ఇక్కడి బడుల్లో వేరుశనగ, జీడిపప్పు లాంటివి ఉన్నవి చాలాచోట్ల రానివ్వరు, అలర్జీ భయం. ఆయుధంలా కనిపించే బొమ్మ ఏదైనా వద్దంటారు, విల్లు బాణం కూడా. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు బడి నియమాలు ఒకసారి చూసుకోండి.

తెనాలి అమ్మమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అమ్మా, ఇంగ్లీషు అక్షరాల సంగతి మీకే బాగా తెలుసు. తెలుగు అక్షరాలకు మాత్రం మన వంటిల్లు, పూజగది చాలు, బజారుకు వెళ్ళే పనే లేదు. అ అంటే అప్పడాల కర్ర. ఈకి ఈల, లేకపోతే నెమలి ఈక. ఉ వచ్చిందంటే ఉగ్గుగిన్నె పంపించు తల్లీ. పాపకు ఉగ్గు పెట్టిన గిన్నె ఇంకా ఉంటే దాని ముక్కు చూపించి "నేను బుజ్జిగా ఉన్నప్పుడు దీంతో తాగాను" అని చెబుతుంది, క్లాసులో ఎవరి దగ్గరా అది ఉండదు. య అంటే యాలకులు, డబ్బా మూత తీసి అందరికీ వాసన చూపించొచ్చు. భకి కుంకుమ భరిణె. వ అంటే వామనగుంటల పీట, ఏడేసి గుంటలు రెండు వరసలు, చింతపిక్కలు పోసి ఆడి చూపిస్తుంది. గ అంటే గురివింద గింజలు, ఎర్రటి ఒళ్ళు, నల్లటి మచ్చ, పిల్లలకు ఎంత ముచ్చటో. ఆకి ఆముదం గింజలు, పైన చారలతో ముద్దుగా ఉంటాయి.

సంచిలో దాచి కనుక్కోమనే ఆట మనకు కొత్తదేం కాదు నాయనా. మన పొడుపుకథలు అవే కదా. ర వారంలో రేగుపండు దాచిపెట్టి "తల్లి దయ్యం, పిల్ల పగడం" అని అడగమనండి.

పిల్లల వార్డు నర్సు | మంగళవారం, సాయంత్రం 4:10

అమ్మమ్మగారూ, మీరు చెప్పినవాటిలో ఉగ్గుగిన్నె, యాలకులు నాకు చాలా నచ్చాయి. కానీ గురివింద, ఆముదం గింజలు మాత్రం దయచేసి ఎవరూ పంపకండి. గురివింద గింజలో అబ్రిన్, ఆముదం గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషాలు ఉంటాయి. గురివింద పైతొక్క గట్టిగా ఉంటుంది కాబట్టి చెక్కుచెదరకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. కొరికినా, పగిలినా, దండ గుచ్చడానికి రంధ్రం పెట్టినా లోపలి విషం బయటికి వస్తుంది. నాలుగేళ్ళ పిల్లలు కొరకరని ఎవరూ హామీ ఇవ్వలేరు. గింజ నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

ఉకి ఉమ్మెత్త కాయ, గకి గన్నేరు పూలు కూడా ఇలాంటివే. పెరట్లో అందంగా ఉన్నాయని కోసి పంపుతారు, రెండూ విషమే.

గోళీలు, పూసలు, చింతపిక్కలు, శనగలు చిన్న పిల్లల గొంతుకు అడ్డం పడతాయి. చింతపిక్కలు పంపాలంటే మూత గట్టిగా బిగించిన పారదర్శకమైన డబ్బాలో పంపి, టీచరు దగ్గరుండి తీయమని చీటీ పెట్టండి. లైట్లు వెలిగే బొమ్మల్లో బిళ్ళలాంటి బటన్ సెల్స్ ఉంటాయి. మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. ఔ వారంలో ఔషధం అని మాత్రల షీటు పంపినవాళ్ళూ ఉన్నారు. తులసి రెమ్మ గానీ శొంఠి కొమ్ము గానీ పంపండి.

తెనాలి అమ్మమ్మ | మంగళవారం, సాయంత్రం 5:00

మంచి మాట చెప్పావమ్మా. మా రోజుల్లో గురివిందలతోనే ఆడుకునేవాళ్ళం, కంసాలి తూకానికి కూడా అవే వాడేవాడు. బడికి మాత్రం వద్దు. గకి గరిటె పంపుదాం, లేకపోతే గజ్జెలు.

కూకట్‌పల్లి అమ్మ | మంగళవారం, రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. ఇంకు ప్యాడ్, జెండా, ఇడ్లీ రేకు మూడూ ముందు పెట్టాను. పాప ఇడ్లీ రేకే పట్టుకుంది. కానీ ఏం చెప్పమన్నా "ఇది ఇడ్లీ రేకు" అని ఆగిపోతోంది. నేను నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాసి బట్టీ పట్టించాలా?

ప్రీప్రైమరీ టీచర్, విజయవాడ | మంగళవారం, రాత్రి 9:20

బట్టీ వద్దండీ. క్లాసులో మాకు వెంటనే తెలిసిపోతుంది. బట్టీ పట్టిన పిల్లలు ఒక మాట మర్చిపోతే అక్కడే నిలిచిపోయి ఏడుస్తారు. రేపు ఉదయం ఇడ్లీ వేసేటప్పుడు పాపను పక్కన నిలబెట్టుకుని మామూలుగా అడగండి. పిండి ఎక్కడ పోయాలి? ఇదెందుకు చిల్లులు చిల్లులుగా ఉంది? నీకు ఎన్ని ఇడ్లీలు కావాలి? తను ఇచ్చే జవాబులే తన షో అండ్ టెల్. "ఆవిరి కిందనుంచి వస్తుంది" అని తెలుగులో చెప్పినా నేనైతే ఒప్పుకుంటాను. ముందు ఇంటి భాషలో చెప్పనిచ్చి ఆ తర్వాత ఒకటి రెండు ఇంగ్లీషు మాటలు కలిపితే పిల్ల జంకదు. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఆటలు, బొమ్మలు, ఇంటి భాషలో మాటల ద్వారానే నేర్పమంటోంది.

మీరు ముందు మూడు వస్తువులు పెట్టి ఎంచుకోమన్నారు చూడండి, అది సరైన పద్ధతి. "ఏం తీసుకెళ్తావ్" అని ఊరికే అడిగితే పిల్లలకు తోచదు. అన్నీ మనమే తేల్చేస్తే వాళ్ళకు ఆ వస్తువు మీద ఇష్టం ఉండదు.

వరంగల్ అమ్మ | బుధవారం, ఉదయం 11:15

ఇది చదువుతుంటే నా బాధ చెప్పుకోవాలనిపించింది. మా బాబు యూకేజీ. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, క్లాసులో నోరు విప్పడు. ప్రతి షో అండ్ టెల్‌కి ఏదో ఒకటి పంపుతాం, వాడు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి వచ్చేస్తాడు. పోయినసారి అంగి తీసుకెళ్ళాడు, అం అక్షరానికి. ఇంట్లో మేం చొక్కాను అంగి అనే అంటాం. అది తప్పు, అంగడి బొమ్మ తేవాలి అన్నారట. ఆ రోజు నుంచి ఇంకా ముడుచుకుపోయాడు.

ప్రీప్రైమరీ టీచర్, విజయవాడ | బుధవారం, మధ్యాహ్నం 1:40

అంగి నూటికి నూరుపాళ్ళు సరైనదే అమ్మా. అంతో మొదలవుతుంది, బాబు రోజూ వేసుకుంటాడు, ఇంకేం కావాలి? గోడమీద చార్టులో ఉన్న మాటే తేవాలని పట్టుబడితే పిల్లవాడు తన ఇంటి మాట తప్పనుకుంటాడు. టీచరుతో నెమ్మదిగా ఒకసారి మాట్లాడండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

మాట్లాడని పిల్లల విషయంలో నా అనుభవం చెబుతాను. వాళ్ళకు ఏదో ఒక పని చేసే వస్తువు ఇచ్చి పంపండి. బొమ్మ, పండు, పుస్తకం లాంటివి ఇస్తే వాటి గురించి మాట్లాడక తప్పదు, అదే వాళ్ళకు భయం. ఈల అయితే ఊదితే చాలు. బకి బొంగరం, తిప్పి చూపిస్తాడు. డకి డప్పు, తకి తాళం, తాళంచెవి పెట్టి తీసి చూపిస్తాడు. లకి లాంతరు ఖాళీదైనా సరే, పిడి తిప్పి వత్తి పైకి కిందికి కదిలిస్తాడు. వస్తువు పనిచేస్తుంటే మిగతా పిల్లలే "నాకు నాకు" అంటూ ముందుకొస్తారు, ప్రశ్నలడుగుతారు. "ఇలా తిప్పాలి" అన్న ఒక్క మాట వాడి నోటినుంచి దానంతటదే వస్తుంది. మొదటిసారికి ఆ ఒక్క మాట చాలు. ఇంట్లో బాగా మాట్లాడే బాబు బడిలో నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడకపోతే మాత్రం పిల్లల డాక్టరుకు చెప్పండి. సిగ్గు అని వదిలేయకండి, దానికి సాయం దొరుకుతుంది.

అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా | బుధవారం, రాత్రి 8:05

మా కేంద్రానికి వచ్చే పిల్లల ఇళ్ళల్లో కొన్న బొమ్మలు తక్కువ. నేను "వస్తువు తెండి" అనను, "వచ్చే దారిలో ఏం దొరికిందో తెండి" అంటాను. రావి ఆకు తెస్తారు, దాని తోకలాంటి చివర చూపిస్తారు. వేపపుల్ల, మామిడాకు, కోడి ఈక, చీపురుపుల్ల. వేసవిలో ముంజలు తినేసిన తాటికాయలకు కర్ర గుచ్చి చేసిన బండి ఒక బాబు దొర్లించుకుంటూ వచ్చాడు, త అక్షరం నేర్పడానికి అంతకంటే మంచి వస్తువు నేను చూడలేదు. పిల్లలంతా వాడి వెనక పరిగెత్తారు. ఎలా చేశావురా అంటే వాళ్ళ తాత ఎక్కడ గుచ్చాడో, కర్ర ఎందుకు విరిగిందో అంతా చెప్పాడు.

ఆర్డర్ పెట్టిన ఇగ్లూ చూసి బాధపడకండి అమ్మా. ఆ పిల్లకు ఇగ్లూ గురించి చెప్పడానికి ఏముంటుంది?

గచ్చిబౌలి నాన్న | గురువారం, ఉదయం 8:30

మేడమ్, మీ మాట కాదనను. కానీ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళల్లో గురువారం రాత్రి తొమ్మిదింటికి డైరీ చూస్తాం. అప్పుడు కొన్నది పంపడం తప్ప దారి కనిపించదు. కొన్నవాళ్ళను చిన్నచూపు చూడొద్దని నా మనవి. బడివాళ్ళు నెలకు సరిపడా అక్షరాల పట్టిక ముందే ఇస్తే సగం సమస్య తీరుతుంది.

అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా | గురువారం, ఉదయం 9:10

చిన్నచూపు లేదు బాబూ. పట్టిక ముందే ఇవ్వాలన్నది న్యాయమైన మాట, అందరూ కలిసి బడివాళ్ళను అడగండి. ఆదివారం అరగంట పిల్లను వంటింట్లో, అలమరలో, బాల్కనీలో తిప్పి "ఈ శబ్దంతో ఏమున్నాయో వెతుకు" అంటే ఆ వెతకడంలోనే నేర్చుకుంటుంది. దొరికినవి ఒక అట్టపెట్టెలో వేసి ఉంచితే గురువారం రాత్రి హడావుడి ఉండదు.

అనకాపల్లి నాన్న | గురువారం, మధ్యాహ్నం 12:45

కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. మా జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను తరిణె పట్టి (గుండ్రంగా తిప్పుతూ చెక్కి), గింజలు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి బొమ్మలకు పూస్తారు. 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి లక్కపిడతల సెట్టు ఒకటి కొంటే ల అక్షరానికి లక్కపిడతలు, బకి బొంగరం, గకి గిన్నె, చకి చెంబు, ఇలా ఏడాదంతా వాడుకోవచ్చు. చాలా చిన్న పిడతలు మాత్రం నర్సుగారు చెప్పినట్టు టీచరు చేతికే ఇవ్వండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు, తేలిగ్గా ఉంటాయి కానీ కిందపడితే చేతులు, కొమ్ములు విరుగుతాయి. మరీ చిన్న పిల్లల చేతికి ఇచ్చేముందు ఆలోచించుకోండి.

కూకట్‌పల్లి అమ్మ | శుక్రవారం, సాయంత్రం 6:20

ఇడ్లీ రేకు చూసి పిల్లలందరూ తమ ఇంట్లో ఎన్ని గుంటలున్నాయో చెప్పడం మొదలుపెట్టారట. ఇగ్లూ తెచ్చిన పాపే వచ్చి మా పాపను "ఇందులో నీళ్ళెక్కడ పోస్తారు" అని అడిగిందట. పాప వచ్చే వారం పికి ఏం తీసుకెళ్ళాలో అప్పుడే వెతుకుతోంది.

టీచర్ గారూ, ఇక కష్టమైన అక్షరాలు మిగిలాయి. ఎక్స్, క్యూ, తెలుగులో ఋ, ఝ, ఠ, ణ, ళ. వీలు చూసుకుని చెప్పండి.

ప్రీప్రైమరీ టీచర్, విజయవాడ | శుక్రవారం, రాత్రి 9:30

ఎక్స్‌కి జైలోఫోన్ వద్దు, అది జెడ్ శబ్దంతో మొదలవుతుంది. ఎక్స్ శబ్దం మాట చివర బాగా వినిపిస్తుంది. బాక్స్, ఫాక్స్ బొమ్మ, సిక్స్ అంకె ఇవన్నీ టీచర్లు ఒప్పుకుంటారు. మన ఇళ్ళల్లో అలమరలో తాతగారి మోకాలి ఎక్స్‌రే ఫిల్ము ఒకటి ఉంటుంది కదా, అది కిటికీకి ఆనించి చూపిస్తే పిల్లలు కదలరు. కవరు తీసేయండి, ఫిల్ము మీద పేరు, వివరాలు కనిపించకుండా చిన్న కాగితం అతికించండి. క్యూకి పేకలోని రాణి ముక్క, క్వీన్.

ఋతో మొదలయ్యే వస్తువులు ఇంట్లో దొరకవు. కొలువు బొమ్మల్లో ఋషి ఉంటే పంపండి. లేకపోతే పాపతో ఋతువుల బొమ్మ గీయించండి, ఎండకు ఒక మూల, వానకు ఒక మూల, చలికి ఒక మూల. ఠకి తెల్లకాగితాల ఠావు. ఝకి నేను గజ్జెలు తెమ్మంటాను, వస్తువు పేరు గతో మొదలైనా అవి ఝల్లుమంటాయి కాబట్టి పిల్లలకు ఆ శబ్దం గుర్తుంటుంది. ణ, ళలతో మొదలయ్యే మాటలు మనం పిల్లలకు నేర్పేవాటిలో లేవు, మధ్యలోనో చివరనో వెతకాలి. వీణ బొమ్మ, బాణం బొమ్మ, తాళం. ఆ అక్షరం మాటలో ఎక్కడ వినిపించిందో అక్కడ చప్పట్లు కొట్టమంటే ఆటగా ఉంటుంది.

పికి ప్లేటు, పెన్సిల్, పప్పుగుత్తి ఏదైనా సరే. పప్పుగుత్తి పంపితే కడిగి, ఆరబెట్టి, పిడి మీద పాప పేరు అంటించి పంపండి. శుక్రవారం సాయంత్రం ఎవరి గరిటె ఎవరిదో తేల్చడం మాకు పెద్ద పని అయిపోతుంది. బంగారం, వెండి వస్తువులు మాత్రం ఎంత చిన్నవైనా పంపకండి. ఉగ్గుగిన్నె వెండిదైతే దాని ఫొటో ఒకటి ప్రింటు తీసి ఇవ్వండి.